గుమ్మటం హాలు మూలస్వరూపం

ఆ పొద్దున ఆకాశం ముసురేసుకుని కూర్చుంది. వాన పడదు, ఎండ రాదు. కురుస్తానని అనదు, కురవనని అనదు. పట్నంలో ఆఫీసుకి వెళ్ళే రోజుకి తగ్గ ఆకాశమే అనుకుని గొడుగు చంకలో పెట్టుకున్నాను.

నా ముందు తవిటినాయుడు మావ నడుస్తున్నాడు. మా బొడ్డవలస నాటక సమాజంలో రాజు వేషం ఆయనది. నాది భటుడి వేషం. బల్లెం పట్టుకుని నిలబడాలి. రాజు పిలిస్తే "చిత్తం ప్రభూ" అనాలి. అంతకుమించి నాకు మాటల్లేవు. మిగతా సేపంతా నిలబడి చూడడమే. ఇక్కడ చెప్పేదంతా అలా నిలబడి చూసిందే.

మావకి గొంతులో గడ్డ లేచింది. కోసి తీసెయ్యాలన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. తీస్తే ప్రాణానికి భయం లేదు గానీ పద్యం పాడే గొంతు తిరిగొస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. తియ్యకపోతే ఏమవుతుందని మావ పెళ్ళాం ఆదెమ్మత్త అడిగింది. "రెండూ పోతాయమ్మా" అన్నాడు. మాఘమాసం దాటనివ్వొద్దని మరీ మరీ చెప్పాడు.

మావ దాటనివ్వనన్నాడు. కానీ కత్తి పడేలోగా గుమ్మటం హాల్లో ఒక్క పద్యం పాడాలన్నాడు.

ఆ హాలు అసలు పేరు శ్రీ నీలాద్రిరాజు రంగమందిరం. ఆ పేరు దాని నుదుటి మీద తప్ప ఎవరి నోటా లేదు. ముందు బారుగా తెల్లటి స్తంభాలు, వాటి మీద రెండు సింహాలు. ఒక సింహానికి తోక విరిగిపోయి ఇనప చువ్వ కనిపిస్తుంది. లోపల గుర్రపు నాడాలా వంపు తిరిగిన టేకు మేడ, దానికి రాణిగారు కూర్చోడానికి చెక్కడపు కటకటాలు. నడినెత్తిన గుమ్మటం. గుమ్మటం లోపలి వైపు నీలం రంగు, దాని మీద ఎగురుతున్న చిలకలు. స్టేజీ చెక్కల కింద పెద్ద పెద్ద మట్టికుండలు, నోళ్ళు పైకి తెరిచి పాతిపెట్టారు. ఖాళీ కుండలో మూతి పెట్టి పిలిస్తే ఏమవుతుందో పల్లెలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు.

కుర్రతనంలో మావ ఆ హాల్లో ఆఖరి వరస వెనక, గోడకి వీపు ఆనించి నిలబడి తన గురువుగారి పద్యం విన్నాడట. మైకు లేదు. రాగం చివర గురువుగారు ఊపిరి తీసుకుంటే అది కూడా వచ్చి వీపు వెనక గోడకి తగిలిందట.

"నా గొంతు ఆ గోడకి తగులుతాదో లేదో, అదొక్కటీ సూసుకోవాల్రా గవిరీ" అంటాడు మావ నాతో.

"గోడకి ఇనపడాలా నీ గొంతు? నాకు ఇనపడితే సాలదేటి?" అని ఆదెమ్మత్త ఒకసారి అడిగింది. మావ చెప్పులేసుకున్నాడు. ఆవిడ అన్నం మూట కట్టి ఇచ్చింది.

హాలు కొన్నేళ్ళుగా మూసి ఉంది. ఇప్పుడు బాగుచేసి తెరుస్తున్నారని, మొదటి రోజు ఆడడానికి ఒక పల్లె సమాజం కావాలని కబురొచ్చింది. అందుకే వెళ్ళాం.

టికెట్లమ్మే గది మీద కొత్త బోర్డు ఉంది: మూలస్వరూప పునరుద్ధరణ ప్రాధికార సంస్థ. లోపల కమిషనర్ మార్తాండరావు గారు, ఆయన పక్కన చరిత్ర ఆచార్యులు అచలపతి గారు కూర్చున్నారు. కమిషనర్ గారు మాట్లాడతారు, అచలపతి గారు రాసుకుంటారు. కమిషనర్ గారు దగ్గితే కూడా రాసుకోవడం నేను చూశాను.

"తమరు వృత్తి కళాకారులా?" అన్నారు కమిషనర్ గారు.

"మడి దున్నుతాం బాబూ. కోతలయ్యాక నాటకాలాడతాం" అన్నాడు మావ.

"ఉత్తమం. ప్రారంభోత్సవ ప్రదర్శనకు తమ బృందం పేరు సానుకూలంగా పరిశీలింపబడుతుంది. దీపావళికి ద్వారాలు తెరవబడతాయి."

మావ ముఖం వెలిగింది. దీపావళి అంటే మాఘానికి బోలెడు వ్యవధి. "బాబూ, ఎలాగూ వొచ్చినాం. ఒక్క పద్యం ఇప్పుడు పాడుకోనిస్తే పాడుకొని ఎలిపోతాం" అన్నాడు.

కమిషనర్ గారు కళ్ళజోడు తీశారు. "కట్టడం మూలస్వరూపం పొందకముందు పాడిన పద్యం అనధికార పద్యం అవుతుంది. దాని ప్రకంపనలకు బాధ్యత ఎవరు వహిస్తారు?"

మావ నావైపు చూశాడు. నాకు తెలియదు.

"మూలసొరూపమంటే ఏటి బాబూ?"

"ఈ కట్టడం మొదట ఏ రీతిని ఉండెనో ఆ రీతి. ఆ తరవాత వచ్చి చేరినవన్నీ అనంతర చేర్పులు. అనంతర చేర్పు అంటే కల్మషం. సదరు కల్మషాన్ని తొలగించడమే ఈ సంస్థ ధ్యేయం. ఉదాహరణకు మైకులు. నిన్ననే పీకించాం."

"మైకులు తీసీసినారా!" మావ చేతులు జోడించాడు. "మంచి పని సేసినారు బాబూ. మా గురువుగారప్పుడు మైకెక్కడిది? ఈ పంకాలూ లేవు. ఈ కుర్చీలూ లేవు, బల్లలుండేవి."

అచలపతి గారి కలం ఠక్కున ఆగి, మళ్ళీ పరుగెత్తింది. కమిషనర్ గారు లేచి వచ్చి మావకి స్వయంగా కుర్చీ వేశారు. సాయంత్రానికి మావ చొక్కాకి ఒక బిళ్ళ తగిలించారు. దాని మీద 'మౌఖిక వనరు' అని ఉంది.

"వనరంటే ఏట్రా?" అన్నాడు మావ బస్సులో.

"తవ్వుకోడానికి పనికొచ్చేది" అన్నాను.

మావ బిళ్ళని తువ్వాలుతో తుడుచుకున్నాడు.

దీపావళికి పిలుపు రాలేదు. కార్తీకం మొదట్లో వచ్చింది, మౌఖిక వనరు హాజరు కావాలని. వెళ్ళేసరికి పంకాలు లేవు, దీపాలు లేవు, కుర్చీలు లేవు. బల్లలు కూడా లేవు. బల్లల కంటే ముందు చాపలుండేవని అచలపతి గారు కనుగొన్నారు. హాలు వెనక మరుగుదొడ్లు కూడా పడగొట్టి, ఆ జాగాలో వరసగా తుప్పలు నాటుతున్నారు. ఒక మాలీ నీళ్ళు పోస్తున్నాడు.

"ఇవేటి బాబూ?" అని అడిగాడు మావ.

"ఆనాటి ప్రేక్షకులు లఘుశంకకు తుప్పల చాటుకు వెళ్ళేవారని నిర్ద్వంద్వంగా నిరూపితమైంది" అన్నారు కమిషనర్ గారు. "జాతి విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. జిల్లేడా, తంగేడా అని. ప్రస్తుతానికి రెండూ నాటిస్తున్నాం. ప్రజలు తమ అభీష్టం మేరకు వినియోగించుకోవచ్చు."

లోపల ఒక గోడకి నియమావళి అంటించారు. ప్రేక్షకులు చెప్పులతో రారాదు. ప్రేక్షకులు వాచీలతో రారాదు. పద్యం నచ్చినచో 'వన్స్ మోర్' అని అరవరాదు. అది ఆంగ్లపదం, అనంతర చేర్పు.

మావ దాన్ని వేలు పెట్టి చదివాడు. "మరి నచ్చితే ఏటి సెయ్యాలి బాబూ?"

"ఆ అంశంపై ఉపసంఘం వేశాం."

మా వైపు వన్స్ మోర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. పద్యం బాగుందంటే జనం వన్స్ మోర్ అంటారు. రాజు చచ్చి పడి ఉన్నా సరే, లేచి మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. మావ ఒకసారి పాచిపెంటలో ఎన్నిసార్లు చచ్చాడో చెప్పుకుంటే ఇప్పటికీ ఆ ఊరివాళ్ళు నవ్వుతారు. వన్స్ మోర్ లేని పద్యం ఉప్పులేని అంబలి. మావ తువ్వాలు తీసి మెడకి చుట్టుకున్నాడు. నొప్పి వేసినప్పుడు అలా చుట్టుకుంటాడు.

కమిషనర్ గారు తలెత్తి టేకు మేడ చూపించారు. "ఈ మేడ గురించి వనరు అభిప్రాయం?"

మేడ అంటే మావకి ప్రాణం. చెప్పకుండా ఉండలేకపోయాడు. "అది మా మంచి మేడ బాబూ. రాణిగారు కాపరానికొచ్చినాక రాజుగారు ఆవిడ కోసం కట్టించినారు. రంగూన్ టేకు. కటకటాల ఎనకాల ఆవిడ నవ్వితే కిందోళ్ళకి గాజుల సప్పుడే ఇనపడేదంట."

"కాపురానికి వచ్చాక?" అన్నారు కమిషనర్ గారు.

"అవును బాబూ."

"అంటే కాపురానికి రాకముందు ఈ మేడ లేదు."

కలం పరుగెత్తింది. మావకి అప్పటికి అర్థం కాలేదు. నాకు సగం అర్థమైంది. ఆ సగం చెబుదామనుకునేలోగా బస్సు వేళయింది.

మార్గశిరంలో మళ్ళీ వెళ్ళాం. మేడ లేదు. మేడ ఉన్నచోట గోడకి నాడా ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది. మావ ఆ మచ్చ కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"ఏవయిపోనాదిరా?"

"అనంతర చేర్పుల భద్రాలయంలో సురక్షితంగా ఉంది" అన్నారు వెనక నుంచి కమిషనర్ గారు. "ఆ బాధ్యత అనుభవజ్ఞుడైన గుత్తేదారుకు అప్పగించబడింది. ఆయన మా బావమరిది కావడం యాదృచ్ఛికం."

నిజంగానే సురక్షితంగా ఉంది. పట్నం శివార్లలో కొత్తగా లేచిన ఫంక్షన్ హాల్లో మా ఊరివాళ్ళ పెళ్ళి జరిగితే వెళ్ళాను. భోజనాల గది చుట్టూ రాణిగారి కటకటాలు బిగించి ఉన్నాయి, కొత్తగా వార్నీషు కూడా కొట్టారు. సింహాలు గేటు దగ్గరున్నాయి. తోక లేని దానికి తోక అతికించారు. ప్రభుత్వం తీసిన వస్తువు పాడవదని అప్పుడు నమ్మకం కుదిరింది.

మేడ మచ్చ చూసిన రోజునే కమిషనర్ గారు గుమ్మటం వైపు వేలు చూపించారు. మావ నోరు మూసుకున్నాడు. మేడ దెబ్బతో ఆయనకి కొంత తెలివొచ్చింది.

"వనరు మౌనం వహించుచున్నది" అన్నారు అచలపతి గారు రాసుకుంటూ.

"చూడండి నాయుడు గారూ" అన్నారు కమిషనర్ గారు. "గుమ్మటం మొదటి నుంచీ ఉన్నదని మేం నివేదిక పంపబోతున్నాం. అది ఉత్త అలంకారమని, దానికి ప్రయోజనం లేదని కూడా రాశాం. తమకు అభ్యంతరం లేదు కదా?"

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే గుమ్మటం బతికేది. ప్రయోజనం లేదు అన్నాక మావ ఆగుతాడా? "లేదంటారేటి బాబూ! ఉత్త అలంకారమేటి! గొంతు పైకి పోయి మాయమైపోతాందని, రెండో ఏడు తమిళ మేస్త్రీలని రప్పించి ఎత్తించినారది. ఎత్తినా సాలకపోతే మా ముత్తాతలే సెప్పినారంట, కింద కుండలు పాతండి మహారాజా అని. పైన గుమ్మటం, కింద కుండలు. మధ్యన పద్యం. ముంతలో ఏసిన పాదరసం లాగ సిందకుండా ఉంతాది."

"రెండో ఏడు" అన్నారు కమిషనర్ గారు మెల్లిగా.

మావ గబుక్కున నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. మాట బయటికి వచ్చాక చెయ్యి వేసుకుంటే ఏం లాభం?

"ఓ బాబూ! ఓ అచలపతి బాబూ! అది కొట్టీయండి. నాను సదువు లేనోణ్ణి, తప్పు సెప్పినాను. గుమ్మటం తీసీసినారంటే గొంతెక్కడ నిలబడతాది?"

కమిషనర్ గారు ఓదార్పుగా ఆయన భుజం తట్టారు. "నాయుడు గారూ, శాస్త్రీయంగా ఆలోచించండి. మొదటి ఏడు పద్యం ఎవరికీ సరిగ్గా వినిపించలేదు. గుమ్మటం, కుండలు వచ్చాకే వినిపించింది. అనగా ఏమిటి? వినిపించడం అనేదే అనంతర చేర్పు."

అచలపతి గారు ఆ వాక్యం కింద గీత గీశారు.

గుమ్మటం దించే రోజు మేం వెళ్ళలేదు. చూసినవాళ్ళు చెప్పారు, చిలకల బొమ్మలు వేసిన గచ్చు పెచ్చులు పెచ్చులుగా రాలిందని. కుండల్ని వంటసామగ్రి కింద లెక్కగట్టి పగలగొట్టారట.

ఇంటి దగ్గర మావ గొంతు రోజురోజుకీ మందమవుతోంది. పొద్దున్న పాడితే మధ్యాహ్నానికి మాట వచ్చేది కాదు. ఆదెమ్మత్త శొంఠి నూరి పెట్టేది. చూడ్డానికొచ్చిన ఊరివాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు.

"ఏ నాటకానికి ముందూ ఇంత మంది ఏడవలేదు మావా" అన్నాడు మా హార్మోనియం ఎర్రన్న, నవ్విద్దామని.

"నాటకం మొదలెట్టకముందే కూలిపోయిన రాజుని నానే కదరా" అన్నాడు మావ. నవ్వు సగంలో దగ్గయింది.

"ఇంకేటి మిగిలింది? ఆసుపత్రికి పోదాం పద" అంది ఆదెమ్మత్త.

"గోడలున్నాయే" అన్నాడు మావ. "నాను అడిగింది గోడే కదేటి."

పుష్యంలో కబురొచ్చింది. ఉన్నతస్థాయి సంఘం సమావేశం, వనరు హాజరు కావాలి. బస్సెక్కేముందు మావ నాకు చెప్పాడు, ఇవాళ నోరు తెరిస్తే చెప్పుతో కొట్టమని. సంఘం కలెక్టరాఫీసులో ఏసీ గదిలో కూర్చుంది. కింద మందపాటి తివాచీ, కిటికీలకి బరువైన తెరలు. అలాంటి గదిలో తుమ్మినా పక్కవాడికి వినపడదు.

"ఇవాళ ప్రశ్నలేమీ లేవు" అన్నారు కమిషనర్ గారు. మావ ఊపిరి పీల్చుకున్నాడు. "నాలుగు గోడలు, ఒక అరుగు. ఇదే మూలస్వరూపమని సంఘం భావిస్తోంది. రథసప్తమికి ప్రారంభోత్సవం. ఆనాడు తమరు పాడబోయే పద్యాన్ని సంఘం ఒకసారి ఆలకించి ఆమోదించాలి. అంతే."

మావ కళ్ళు చెమర్చాయి. గోడలు నిలిచాయి. లేచి, తువ్వాలు విప్పి, చేతులు జోడించాడు.

ఇక్కడ మా సమాజపు ఆచారం ఒకటి చెప్పాలి. మేం ఎక్కడ ఆడినా, ఎవరి ముందు ఆడినా, మొదట తాతపదం పాడాలి. మా సమాజం పెట్టిన పెద్దాయనని తలుచుకునే పదం అది. తాతపదం పాడకుండా రాజు నోట పద్యం రాకూడదు. పందిట్లో వాన పడుతున్నా, కరెంటు పోయినా, ముందు తాతపదమే. మావకి అది పాడుతున్నట్టు కూడా తెలియదు. చెయ్యి కడుక్కుని ముద్ద ఎత్తినట్టు, నోరు తెరిస్తే అదే వస్తుంది.

గొర్రెలు మేసేటి కొండవాలందు
గుర్రమ్ము దిగి రాజు కూర్చుండి వినగ
మా తాత గొంతెత్తె మబ్బుల కింద
ఆ తీపి మాటలే ఆస్తిరా మాకు

మొదటి పాదం దగ్గరే నేను చెప్పు తీశాను. కానీ ఆచారం మధ్యలో కొట్టకూడదు.

పదం పూర్తయింది. మావ గొంతు సవరించుకుని అసలు పద్యానికి ఊపిరి తీసుకున్నాడు. సంఘం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"చాలు! చాలు!" అన్నారు కమిషనర్ గారు. "గొర్రెలు మేసే వాలు! మబ్బుల కింద! మిత్రులారా, మనమంతా పొరబడ్డాం. గోడలనే మూలమని భ్రమించాం. ఈ రంగమందిరం మొదటి ప్రదర్శన నాటికి రంగమందిరమే లేదు! ఇంతకుమించిన మూలస్వరూపం భూగోళం మీద ఏ కట్టడానికైనా సిద్ధించిందా?"

"బాబూ, పద్యం..." అన్నాడు మావ.

"ఆమోదించబడింది" అన్నారు కమిషనర్ గారు వినకుండానే.

తిరుగు బస్సు మెట్టవలస దాటింది. మావ కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"రాజు గుర్రం ఎందుకు దిగినాడో తెలుసేట్రా నీకు?"

"మర్యాదకి కదా."

"మర్యాద కాదు, ఏటీ కాదు. ఇనపడక. గాలి లాక్కుపోయిందంట తాత గొంతుని. దిగినాడు, దగ్గిరికొచ్చి కూకున్నాడు, అయినా ఇనపడలేదు. సిగ్గుతో ఆ పూట మా తాతలతో పాటు నేల మీద కూకొని కూడు తిన్నాడంట. ఒక్కడూ మాటాడలేదంట. సేతులు కడుక్కొని అప్పుడన్నాడు, ఇక్కడ గోడలు లెగాలి అని. అదిరా గుమ్మటం హాలు పుట్టుక. పదంలో ఇనపడలేదని రాసుకుంటామేటి? కూర్చుండి వినగ అని రాసుకున్నారు."

వందేళ్ళ పైచిలుకు మా ఊరు గొప్పగా పాడుకున్నది ఆ పాదమే.

రథసప్తమికి అందరం వెళ్ళాం. ఆదెమ్మత్త కూడా వచ్చింది, పెద్ద గిన్నెతో అన్నం, ఎండు నెత్తళ్ళ పులుసు, మజ్జిగ పట్టుకుని. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో మంచం రాసిపెట్టి ఉంది. అందుకని మావ గుడ్డల సంచి కూడా తనే మోసుకొచ్చింది.

హాలు ఉన్నచోట పచ్చిక పరిచారు. గోడ పునాదులు కూడా తవ్వి తీసేశారు. ఆనాటి కొండవాలుని పట్నం ఎప్పుడో చదును చేసేసింది కనక లారీలతో మట్టి తోలించి వాలు కట్టారు. గొర్రెల్ని అద్దెకి తెచ్చారు. తుప్పలు బాగా ఎదిగాయి, వాటినీ జనం వాడుతున్నారు. అడుగేస్తే కాలి కింద అక్కడక్కడ కుండపెంకులు కరకరమన్నాయి. ఎదురుగా ఒక నల్లరాయి నిలబెట్టారు: 'శ్రీ నీలాద్రిరాజు రంగమందిరం. సంపూర్ణంగా పునరుద్ధరించబడినది.'

కమిషనర్ గారు గుర్రం మీద వచ్చారు. ఇద్దరు బంట్రోతులు చెరోవైపు కాళ్ళు పట్టుకున్నారు.

మావ కిరీటం పెట్టుకుని నన్ను పిలిచాడు. అప్పటికే గొంతు గరగరలాడుతోంది. "ఒరే గవిరీ, నువ్వు ఎల్లి ఆ గోడ ఉండే కాడ నిలబడు. ఆఖరి వరస ఎనకాల. తగిలిందో లేదో నువ్వే సెప్పాలి."

బల్లెం పట్టుకుని వెళ్ళాను. గోడ ఎక్కడుండేదో వెతుక్కోనక్కర్లేకపోయింది. రోడ్డవతల టీకొట్టు మారలేదు. దానికి ఎదురుగా, వీపు వెనక ఏమీ లేకుండా నిలబడ్డాను. సముద్రం వైపు నుంచి గాలి కొడుతోంది.

దూరాన మావ చేతులు చాచాడు. ఎర్రన్న హార్మోనియం తిత్తి ఊదుతున్నాడు. మావ నోరు తెరుచుకుంది. మెడ నరాలు లేచాయి. ఒక చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది, రాగం పైకి తీసేటప్పుడు ఆయన చెయ్యి అలా వెళుతుంది. కాలి బొటనవేళ్ళ మీద లేచాడు. నాకు గొర్రెల అరుపు వినిపించింది. టీకొట్టులో గ్లాసుల చప్పుడు వినిపించింది.

మధ్యలో కమిషనర్ గారు చెవి ఒగ్గి, గుర్రం దిగి ముందుకు వెళ్ళి కూర్చున్నారు. అచలపతి గారు ఆనందంతో ఫొటోగ్రాఫరుని తోశారు. మావ ఇంకా పాడుతూనే ఉన్నాడు. తరవాత నోరు మూశాడు. అప్పుడు తెలిసింది పద్యం అయిపోయిందని.

వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు. నియమం ఎవరూ తప్పలేదు. అనడానికి ముందు వినపడాలి.

దగ్గరికి వెళ్ళాను. మావ చెమట కారుతూ నా మొహంలోకి చూశాడు. మాట రాక పెదాలతోనే అడిగాడు.

"తగిలిందేట్రా?"

"చిత్తం ప్రభూ" అన్నాను.

మావ కిరీటం తీసి ఆదెమ్మత్త చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని ఆసుపత్రి సంచిలో పెట్టింది.

కమిషనర్ గారు పూలదండతో వచ్చారు. "అద్భుతం నాయుడు గారూ! ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు!"

మావ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కో మాటా రాయి ఎత్తినట్టు ఎత్తి చెప్పాడు. "బాబూ. మా తాత కత ఇంకా ఉంది. ఆ రోజూ ఇనపడలేదు. రాజుగారు సిగ్గుపడి మాతో పాటు కూకొని కూడు తిన్నారు. నోరెత్తకుండా. సేతులు కడుక్కొని, గోడలు లెగాలి అన్నారు. మీరూ... ఆ మాట కూడా..."

మిగతాది గొంతులోనే ఆగిపోయింది.

కమిషనర్ గారి కళ్ళు పెద్దవయ్యాయి. "సహపంక్తి భోజనం! మౌనంగా! అచలపతి గారూ, ఎలా వదిలేశాం? మొదటి రోజు కార్యక్రమం అసంపూర్తిగా ఉండిపోయేది!"

క్షణంలో చాపలు పరిచారు. హోటలు భోజనం వద్దన్నారు, అనంతర చేర్పు అని. మా అన్నమే కావాలన్నారు. విస్తళ్ళు లేకపోతే బంట్రోతు ఎక్కడి నుంచో అరిటాకులు తెచ్చాడు. సంఘం సభ్యులు, బంట్రోతులు, మేం, అందరం బారుగా కూర్చున్నాం. కమిషనర్ గారు పెదాల మీద వేలు పెట్టి చూపించారు.

ఆదెమ్మత్త వంచిన నడుం ఎత్తకుండా అందరికీ వడ్డించింది. మావ విస్తట్లో అన్నం మెత్తగా పిసికి మజ్జిగ పోసింది. ఆయనకి ముద్ద దిగడం లేదు. ఒక్కో మెతుకూ మింగుతూ ఆ గోడల మాట కోసం ఎదురుగా కూర్చున్న కమిషనర్ గారి నోటి వంకే చూస్తున్నాడు. ఎర్రన్న కూడా అటే చూస్తున్నాడు. నేనూ చూశాను. గొర్రెలు దగ్గరికొచ్చి అరిటాకుల అంచులు వాసన చూశాయి.

కమిషనర్ గారు మారు పులుసు కోసం చెయ్యి చూపించారు. ఆదెమ్మత్త పోసింది. ఆయన నోరు నమలడానికే కదిలింది.